కుక్క తోక పట్టుకుని భాషాసముద్రం ఈదడం ఎలా?

విశాఖపట్నంలో భాషాశాస్త్రం తెల్లారకముందే మొదలవుతుంది. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర నడక మొదలెట్టినవాళ్ళు కురుసుర జలాంతర్గామి దాకా వచ్చేసరికి కనీసం రెండు ప్రపంచ భాషలు తెలుగులోంచి పుట్టేసి ఉంటాయి. తిరుగు నడకలో ఇంకో మూడు. టీ గ్లాసు చేతికొచ్చేవేళకి చైనా కూడా మనదే. ఈ పరిశోధనకి ముఖ్యమైన పనిముట్టు కుక్క. అది లేని ఊరు లేదు, దానికి పేరు లేని భాష లేదు. పైగా ఫుట్‌పాత్ మీద అక్కడే పడుకుని ఉంటుంది కాబట్టి ఉదాహరణకి వెతుక్కోనక్కర్లేదు. ఎంత మాటన్నా ఎదురు చెప్పదు.

ఈ రంగంలోకి కొత్తగా దిగుతున్న రిటైర్డు ఉద్యోగుల సౌకర్యం కోసం పద్ధతి మొత్తం ఇక్కడ విడమర్చి చెబుతున్నాం. పెట్టుబడి తక్కువ. అనువాదం చేసిపెట్టే యాప్ ఉన్న ఫోను, తల ఊపే నలుగురు మనుషులు, ఆ నలుగురిలో ఒక్కరికీ రాని భాష ఒకటి ఉంటే చాలు.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. బెంగాలీ ఎత్తుకోకూడదు. పూజ సెలవులకి వచ్చిన కుటుంబం పక్క బెంచీ మీదే కూర్చుని జంతికలు తింటూ ఉంటుంది. ఒడియా మరీ దగ్గర. మలయాళం, పంజాబీ, మరాఠీ కూడా కుదరవు. నేవీ ఊరు కదా, ఏది మాట్లాడినా వెనకనుంచి "అది కాదు సార్" అనేవాడు ఒకడు తగులుతాడు. హంగేరియన్ శ్రేష్ఠం. హంగేరియన్‌లో కుక్కని కుట్యా అంటారు. "కుక్క, కుట్యా! ఇంకేటి కావాలండీ?" అని ఆగాలి. నలుగురూ తల ఊపుతారు. ఆ కుట్యా కుక్కని పిలవడానికి నోటితో చేసే చప్పుడులోంచి వచ్చిందని హంగేరియన్ నిఘంటువులు చెబుతాయి. ఆ సంగతి ఎత్తనక్కర్లేదు.

ఇక అసలు పని. ముందు అచ్చులన్నీ పారెయ్యాలి. అచ్చులు నిలకడ లేనివి, వాటిని నమ్ముకుంటే ఏ రెండు మాటలూ కలవవు. తర్వాత హల్లులకి చుట్టరికం కలపాలి. క ఉంటే సరే సరి. లేకపోతే గ, ఖ, చ, శ, స, హ, ఈ ఆరూ క కి మేనత్త కొడుకులే అని చెప్పేయాలి. ఆపైన అర్థాన్ని సాగదీయాలి. కుక్క అన్న మాట దొరక్కపోతే కుక్కపిల్ల. అదీ కాకపోతే తోడేలు, నక్క, మొరగడం, కరవడం, తోక, కాపలా. మొత్తం ఎనిమిది అర్థాలు. ఏదో ఒకటి తగలకపోదు.

తగలకపోదు అన్నది ఊరికే అన్న మాట కాదు, లెక్క ఉంది. ఒక భాషలో 15 హల్లులున్నాయనుకోండి. వాటిలో మనకి పనికొచ్చేవి 7. మాటలో మొదటి హల్లు వాటిలో ఒకటయ్యే అవకాశం 15కి 7, రెండో హల్లుకీ అంతే. రెండూ కలిసే అవకాశం 225కి 49, అంటే నూటికి 22 దాకా. ఇది ఒక్క అర్థానికి. ఎనిమిది అర్థాల్లో ఏదో ఒకటి కలిస్తే చాలనుకుంటే అవకాశం నూటికి 86 అవుతుంది. ఏ పరీక్షలో వస్తాయండీ 86 మార్కులు, చదవకుండా? పోనీ ఎవరో చాదస్తుడు "అచ్చంగా అవే రెండు హల్లులు, అచ్చంగా కుక్క అనే అర్థం, అంతకు మించి ఒప్పుకోను" అని భీష్మించినా భయం లేదు. అప్పుడు అవకాశం 225కి 1. ప్రపంచంలో దాదాపు 7000 భాషలున్నాయి. వాటిలో ఓ ముప్పై భాషలు ఊరికే, ఏ సంబంధం లేకుండా, కాకతాళీయంగా కలిసిపోతాయి. ముప్పై భాషలంటే ఏడాది పొడుగునా వాట్సాప్‌లో నెలకి రెండు చొప్పున పంపినా ఇంకా మిగులుతాయి.

చూపించాల్సిన సరుకు: బర్మీస్ ఖ్వే, టిబెటన్ ఖ్యీ, ఐరిష్ కూ, వెల్ష్ కీ, బల్గేరియన్ కుచే, బాస్క్ చకుర్. కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో పెద్దవాళ్ళెవరైనా ఖ్వేని నిర్ధారిస్తే సభ రంజుగా ఉంటుంది. దాచాల్సిన సరుకు: జపనీస్ ఇను, స్వాహిలీ మ్బ్వా, ఇండోనేషియన్ అంజింగ్, పోలిష్ ప్యెస్, స్పానిష్ పెర్రో. ఈ పెర్రో ఎక్కడినుంచి ఊడిపడిందో స్పానిష్ వాళ్ళకే అంతుపట్టలేదు కనక, బాగా ధైర్యం ఉన్నవాళ్ళు "పొరుగు నుంచి" అని వాడుకోవచ్చు. పొరుగింటి వాళ్ళని చూస్తే మొరిగేది కదా.

అరుపుల జోలికి మాత్రం పోవద్దు. "అన్ని దేశాల కుక్కలూ భౌ భౌ అనే అరుస్తాయి, కాబట్టి అన్ని దేశాలూ మనవే" అని ఒక వాదం ఆ మధ్య బాగా నడిచింది. నడక గుంపులో ఒక తమిళాయన ఉండటంతో చెడింది. తమిళ కుక్క లొళ్ లొళ్ అంటుంది. జపాన్ కుక్క వాన్ వాన్, రష్యా కుక్క గావ్ గావ్, టర్కీ కుక్క హవ్ హవ్, ఇండోనేషియా కుక్క గుక్ గుక్, కొరియా కుక్క మంగ్ మంగ్. కుక్క గొంతు మారలేదు, వినే చెవి మారింది. ఏ భాష వాళ్ళు ఆ భాషలో ఉన్న అక్షరాలతోనే దాన్ని పట్టుకోగలరు. అలాంటి మాటలు రెండు భాషల్లో కలిసినా అది చుట్టరికం కాదు, రెండు ఊళ్ళలోనూ కుక్క ఉందని మాత్రమే తెలుస్తుంది. మన భాషలో నిజంగా కుక్క పుణ్యాన పుట్టిన మాట ఒకటుంది, ఉసిగొల్పడం. కుక్కని ఎవరి మీదికైనా వదిలేటప్పుడు చేసే "ఉసి ఉసి" చప్పుడు అది. ఈ మాటని మనం కుక్కల మీద వాడటం దాదాపు మానేశాం, మనుషుల మీదే వాడుతున్నాం.

ఇప్పుడు ఇంట్లో చిక్కు. హంగేరీ, ఐర్లాండు, బర్మా అన్నీ జయించి వచ్చాక చుట్టుపక్కల చూస్తే తమిళుడు నాయ్ అంటాడు. కన్నడంలో నాయి, తుళులో నాయి, మలయాళంలో నాయ, అడవుల్లో గోండులు కూడా నై. సొంత అన్నదమ్ములంతా ఒక మాట అంటుంటే తెలుగువాడొక్కడే కుక్క అంటున్నాడు. ఇటు ఇచ్ఛాపురం దాటి బరంపురంలో దిగితే కుకుర, ఇంకా పైకి పోతే బెంగాలీ కుకుర్, బౌద్ధ గ్రంథాల ప్రాకృతమైన పాళీలో కుక్కుర. అంటే ప్రపంచానికి మనం దానం చేశామంటున్న ఆ ఒక్క మాటే, పొరుగింటి పోలికలతో పుట్టినట్టు కనిపిస్తోంది. ఈ తీరమంతా బౌద్ధం నడిచిన రోజుల్లో ప్రాకృతం ఇక్కడికి కొత్త కాదు. వెయ్యి మాటలుండగా, తెలుగు ప్రాచీనతని నిరూపించడానికి సరిగ్గా ఈ మాటనే ఎంచుకున్న మన బీచ్ రోడ్డు పండితుల చూపుని మెచ్చుకోక తప్పదు. చెయ్యి, చెవి, కన్ను, నీరు, ఏవి తీసుకున్నా పరువు దక్కేది.

పరువు ఎలా దక్కేదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశానికి విరుద్ధమే కానీ, శత్రువు ఆయుధం తెలిసి ఉండటం మంచిది. తెలుగు చెవి కన్నడంలో కివి. తెలుగు చెరువు కన్నడంలో కెరె. తెలుగు చెడు కన్నడంలో కెడు. మూడు మాటల్లోనూ మన చ ఎదురుగా వాళ్ళ క నిలబడింది. ఇ, ఎ ల ముందు ఇలాగే జరుగుతుందని ముందే చెప్పి, నాలుగో మాట తీసి చూపిస్తారు భాషావేత్తలు. ఆటలో ఉన్న నియమం అదొక్కటే. ఒక మాట ఎంత అచ్చుగుద్దినట్టున్నా లెక్కలోకి రాదు, తేడాలు కూడా వరసలో రావాలి. మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ సంస్కృతంలోంచి పుట్టలేదనీ 1816లో చూపించింది ఇలాంటి వరసలతోనే. అది అచ్చయింది క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. అంటే తెలుగు పుస్తకంలోనే. చదివినవాళ్ళు బీచ్ రోడ్డులో నడవరు కాబోలు.

అన్నీ సంస్కృతం నుంచే అనే ఇంకో గుంపు కైలాసగిరి వైపు నడుస్తుంది. వాళ్ళ చేతిలో సరుకు మనకంటే మంచిదే, వాడటం చేతకాదు. సంస్కృత శ్వన్, లాటిన్ కానిస్, జర్మన్ హుండ్. చూస్తే ఒకదానికొకటి పోలికే లేదు. పక్కన శతం, కెంటుం, హుండర్ట్ పెట్టండి. ఆ పక్కన శృంగం, కోర్ను, హార్న్. ఎక్కడ మనం శ అంటామో అక్కడ రోమువాడు క అన్నాడు, జర్మన్‌వాడు హ అన్నాడు. కుక్కలోనూ అంతే, వందలోనూ అంతే, కొమ్ములోనూ అంతే. ఇక ఇరాన్ వైపు మన శ్వ ఉన్నచోట స్ప ఉంటుంది. అశ్వానికి అస్ప. పాత ఇరాన్‌లో మీడియా అనే దేశపు వాళ్ళు కుక్కని స్పక అనేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిపెట్టాడు. సైరస్ చక్రవర్తిని పెంచిన తల్లి పేరు స్పకో అట. రష్యన్ సొబాక ఆ వైపు నుంచే వెళ్ళిందని పండితుల అభిప్రాయం. రష్యన్లు ఈమెయిల్ చిరునామాలో మధ్యన వచ్చే చుట్ట గుర్తుని కూడా సొబాక అనే అంటారు. కురుసుర సోవియట్ వాళ్ళు కట్టిన జలాంతర్గామే కనక, దాని నీడలో నిలబడి ఈ ముక్క చెబితే అందంగా ఉంటుంది. కానీ కైలాసగిరి వాళ్ళు దీన్ని వదిలేసి శ్వానానికీ స్వానుకీ ముడిపెడతారు. స్వాను హంస. అదేటండీ అని అడిగితే రెండూ తెల్లగా ఉంటాయంటారు.

సంస్కృతమే తల్లి అన్న మాటని 1786లో కలకత్తాలో విలియమ్ జోన్స్ దొర అన్నాడని కూడా చెబుతారు. ఆయన అన్నది సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ బహుశా ఇప్పుడు లేని ఏదో ఒక మూలం నుంచి వచ్చి ఉంటాయని. తోబుట్టువు అన్నాడు, తల్లి అనలేదు. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ అరవాక్యం కత్తిరించుకుంటారు, మెసేజ్ పొట్టిగా ఉంటేనే చదువుతారని.

పోలిక చూసి మోసపోయే రోగానికి ప్రపంచంలోకెల్లా పెద్ద మందు ఆస్ట్రేలియాలో ఉంది. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మ్బబరం అనే ఆదివాసీ భాష ఉండేది. 1960ల్లో డిక్సన్ అనే భాషావేత్త ఆ భాష ఎరిగిన పెద్దాయన దగ్గర కూర్చుని మాటలు రాసుకుంటూ కుక్కనేమంటారని అడిగితే, "డాగ్" అన్నాడాయన. ఇంగ్లీషులో చెబుతున్నాడేమో అనుకోవడం సహజం. కాదు, అది వాళ్ళ మాటే. ఆ చుట్టుపక్కల భాషల్లో పాత మాట గుడగ. మ్బబరంలో మాట మొదటి అక్షరం రాలిపోవడం అలవాటు. రాలిన అక్షరం గ తో మొదలైతే, పోతూ పోతూ తర్వాతి అచ్చుని ఒ వైపు లాగింది. చివరి అచ్చు కూడా పోయింది. గుడగ కాస్తా డాగ్ అయింది. ఇంగ్లీషు డాగ్‌కి మూలం పాత ఇంగ్లీషు డొగ్గ. దానికి ముందేమిటో నిఘంటువులవాళ్ళకే దిక్కు తోచలేదు. అర్థం ఒకటే, శబ్దం ఒకటే, చుట్టరికం సున్న. మన పద్ధతి ప్రకారం అయితే ఈపాటికి క్వీన్స్‌లాండ్ లండన్‌కి మేనకోడలు.

దీనికి పూర్తిగా తిరగేసిన బొమ్మ మన పక్కనే ఉంది, దాన్నెవరూ చూడరు. సీతంపేట కొండల్లో సవరలు కుక్కని కిన్సోడ్ అంటారు. సంతాలీలో సేతా. కంబోడియాలో ఖ్మేర్ వాళ్ళు ఛ్కే అంటారు, వియత్నాంలో చో. నాలుగూ పక్కపక్కన పెడితే బీచ్ రోడ్డులో ఎవరూ పెదవి కదపరు. కానీ ఇవి ఒకే కుటుంబపు భాషలు, ఆస్ట్రోఏషియాటిక్ అంటారు. కుక్క మాట కూడా వాటిలో ఒకే మూలానికి చెందింది. కిన్సోడ్‌లోని ఆ సొ ముక్క, వియత్నాం చో, ఒక తల్లి బిడ్డలు. అంటే శ్రీకాకుళం వైపు బస్సెక్కి, ఘాటీ దారి పట్టి, సంతరోజు కొండచీపుర్లు అమ్ముకునే మనిషి దగ్గర నిలబడితే, హనోయ్ నగరంలో కుక్కకి వాడే మాట తాలూకు చుట్టం ఆయన నోట్లో ఉంది. ఇంత పెద్ద విశేషం మన వాట్సాప్‌లో ఒక్కసారి కూడా తిరగలేదు. కారణం స్పష్టం, దానిలో మన గొప్ప ఏమీ లేదు.

సవర మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టింది గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరల భాష నేర్చుకుని, వాళ్ళ కోసం వాచకాలు రాసి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు ఆయన పటానికి దండ వేసి, మైకు పట్టుకుని, ప్రపంచ భాషలన్నీ తెలుగులోంచే పుట్టాయని చెబుతాం. పటంలోంచి ఆయన ఏమీ అనరు. మన పద్ధతిలో ఎదుటివాడికి కావలసిన అర్హత అదే కదా.

కుక్క మాటలు నిజంగా ఎక్కడెక్కడ దూరాయో వెతికితే ఇంకా తమాషాగా ఉంటుంది. లాటిన్ కానిస్ లోంచి కుక్కల దీవి అనే అర్థంలో కెనరీ దీవులు వచ్చాయని పాత రోమను రచయిత ప్లినీ చెప్పాడు. ఆ దీవుల పేరు మీద పిట్టకి కెనరీ అని పేరొచ్చింది. పంజరంలో పాడే పసుపు పిట్ట పేరులో కుక్క కూర్చుంది. అదే కానిస్ లోంచి కానికుల, అంటే కుక్కపిల్ల, మండు వేసవిలో తెల్లవారుజామున పొడిచే నక్షత్రం పేరు. అందుకే ఫ్రెంచివాళ్ళు వడగాల్పులని కానిక్యూల్ అంటారు, రష్యా పిల్లలు బడి సెలవుల్ని కనీకులీ అంటారు. ఏప్రిల్ ఆఖర్న మన పిల్లలు బడి సంచి మూల పారేసి బీచికి పరిగెత్తేటప్పుడు అనే మాటకి రష్యాలో మూలం కుక్కపిల్ల.

ఇక మర్యాద సంగతి. తెలుగులో కుక్కలకి కులాలున్నాయి, అవి పత్రికలు నిర్ణయిస్తాయి. పోలీసుల దగ్గర ఉన్నది జాగిలం. అపార్ట్‌మెంటులో ఉన్నది శునకం, తప్పిపోతే దానికి ప్రకటన వేస్తారు. ఏ చిరునామా లేనిది వీధి కుక్క. వీధి కుక్క నడవదు, తిరగదు, స్వైరవిహారం చేస్తుంది. ఆ మాటని మనుషులకి వాడగా చూసి చాలా కాలమైంది. ఇది మన ఒక్కరి రోగం కాదు. థాయిలాండ్‌లో వీధిలో ఉన్నది మా, కాగితం మీద రాస్తే సునక్. అవును, మన శునకమే, పాళీ పుస్తకాలతో ఓడెక్కి వెళ్ళింది. జావాలో మామూలు మాట అసు, పెద్దవాళ్ళ ముందు సెగవొన్. అసు అంటే అక్కడ తిట్టు కూడా, ఇక్కడ కుక్క అన్నట్టే. ఎదురుగా ఉన్న జంతువు మాత్రం అదే, తోక అలాగే ఊపుతుంది.

థాయ్ సునక్ చూసి "చూశారా, థాయ్ మన భాషే" అని ఎగరకూడదు. అరువు వేరు, రక్తం వేరు. ఆ తేడా కనిపెట్టడానికి మోరిస్ స్వదేశ్ అనే అమెరికన్ వంద మాటల జాబితా ఒకటి తయారు చేశాడు. సామాన్యంగా ఒకరి దగ్గర అప్పు తెచ్చుకోని మాటలు అందులో ఉంటాయి. కుక్క ఉంది, పేను కూడా ఉంది. పిల్లి లేదు. ఎందుకంటే పిల్లి మాట సరుకులతో పాటు ఊరూరూ తిరిగిన మాట. లాటిన్ కాట్టుస్, అరబిక్ ఖిత్త్, టర్కిష్ కెది, స్పానిష్ గాతో, అన్నీ ఒకదాన్నొకటి చూసి రాసుకున్న పరీక్ష పేపర్లలా ఉంటాయి. కాబట్టి పిల్లితో ఎవరైనా గెలవగలరు. మన పండితులు అంత సులువు పని చెయ్యరు.

ఇళ్ళల్లో కుక్కలతో మాట్లాడే భాష మీద కూడా ఒక చూపు వెయ్యాలి. ఎంవీపీ కాలనీలో అయినా, గాజువాకలో అయినా, జాతి కుక్కతో ఎవరూ తెలుగులో మాట్లాడరు. "సిట్ టామీ, నో టామీ, కమ్ హియర్." వీధి కుక్కతో మాత్రం "ఛీ పో". ప్రపంచానికే మాతృభాష అయిన తెలుగుని ఇంట్లో కుక్కకి నేర్పకపోవడానికి కారణం ఏమై ఉంటుందో ఏ నడక గుంపూ చర్చించినట్టు లేదు.

ఆఖరుగా ఆపద్ధర్మాలు. సభ సాగుతుండగా ఎవరైనా "రెండో మాట చెప్పండి" అంటే కంగారు పడొద్దు. ముందు వయసు అడగాలి. తర్వాత ఏం చదివావని అడగాలి. "భాషాశాస్త్రం" అంటే "అందుకే ఉద్యోగం రాలేదు" అనాలి. "మరి తమిళంలో నాయ్ కదా" అంటే "తమిళులు తర్వాత మార్చుకున్నారు" అని చెప్పి, ఎందుకు మార్చుకున్నారని అడిగేలోపు వాచీ చూసుకోవాలి. సంస్కృతం గుంపు ఎదురైతే నమస్కారం పెట్టి ఎడమ పక్కగా వెళ్ళిపోవాలి, ఇద్దరూ గెలిచినట్టుంటుంది. ఒకవేళ ఆ అడిగినవాడు సీతంపేట నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్న సవర కుర్రాడైతే, మాట అక్కడే కట్టేసి, బాబూ టిఫిన్ చేశావా అని అడిగి, ఇడ్లీ ప్లేటు ధర ఎంత పెరిగిపోయిందో అందులోకి దిగిపోవడం మేలు.